అంజమ్మ మూయని కార్డులు

రాహేలు రాసిన ప్రోగ్రాంలో తప్పుందని ఎవరైనా అంటే, అన్నవాళ్ళు ఎంతవరకు చదువుకున్నారో ఆమె ముందు కనుక్కునేది. తప్పేమిటో తర్వాత. పాతికేళ్ళు దాటీ దాటని పిల్లకు అంత ముక్కు మీద కోపం ఎక్కడిదని తెనాలి ఆఫీసులో గుసగుసలాడుకునేవాళ్ళే గాని, ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. మూడు ఊళ్ళ కంప్యూటర్లనూ నడిపించే ప్రోగ్రాం మొత్తం, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, ఆ పిల్లే రాసింది మరి.

తొంభయ్యో సంవత్సరం మే నెల తుఫానుకు మత్స్యకారుల సమాఖ్య వారి రేపల్లె ఆఫీసులోకి నీళ్ళొచ్చి, దస్త్రాలన్నీ ముద్దయిపోయాయి. సముద్రంలో ఎవరున్నారు, ఒడ్డున ఎవరున్నారు అని అధికారులు అడిగితే చెప్పడానికి ఒక్క కాగితం మిగల్లేదు. ఆ సిగ్గు సమాఖ్య పెద్దలను రెండేళ్ళు నిద్రపోనివ్వలేదు. చివరికి తెనాలి, బాపట్ల, రేపల్లె ఆఫీసుల్లో తలా ఒక కంప్యూటరు పెట్టారు. వేటకు వెళ్ళే ప్రతి మనిషికీ అందులో ఒక కార్డు. ఒక ఊళ్ళో కార్డు తెరిచినా, మూసినా, దాని మీద ఏం రాసినా, అరగంటకోసారి కంప్యూటర్లు వాటంతటవే ఫోను కలుపుకుని మిగతా రెండు ఊళ్ళలోనూ అదే చేస్తాయి. ఒక ఊరు మునిగినా మిగతా రెండూ జవాబు చెబుతాయి. బాపట్లలో లెక్కల మాస్టారు దేవదానం గారి అమ్మాయి రాహేలు, కాలేజీ నుంచి బయటికొచ్చి ఏడాది కూడా తిరగకుండా దీన్ని రాసిచ్చింది. హైదరాబాదులో కూడా ఇలాంటిది లేదని అనేది. నిజమో కాదో వెళ్ళి చూసొచ్చినవాళ్ళు లేరు.

మూడేళ్ళు నిక్షేపంలా నడిచింది. తొంభై అయిదు జూన్ నుంచి పట్టుకుంది జబ్బు. ఉన్నట్టుండి కంప్యూటరు నత్తనడక మొదలుపెట్టేది. ఆ తర్వాత మెమరీ చాలడం లేదని తెర మీద ఒక ముక్క రాసి, కొత్త కార్డు తెరవనని మొరాయించేది. ఒక్క తెనాలిలోనే కాదు, మూడు ఊళ్ళలోనూ ఒకేసారి. ఆపి మళ్ళీ మొదలుపెట్టినా అయిదు నిమిషాల్లో మళ్ళీ అంతే నిండిపోయేది.

"అసలీ మెమరీ అంటే ఏంటమ్మాయ్?" అన్నాడు సమాఖ్య కార్యదర్శి కోటేశ్వరరావు. "మొన్ననేగా పెద్ద డిస్కు కొన్నాం. అదప్పుడే నిండిపోయిందా?"

"డిస్కు బీరువా లాంటిదండి. మెమరీ మీ ముందున్న బల్ల లాంటిది. పని చేయాలంటే కాగితాన్ని బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టుకోవాలి. పనయ్యాక తిరిగి బీరువాలో పెట్టేయాలి. బీరువాలో బోలెడు చోటుంది. బల్ల మీదే లేదు."

"మరి బల్ల మీద అన్ని కాగితాలు ఎవరు పడేశారు?"

"అదే తెలియట్లేదండి."

తెలియదన్న మాట తన నోటి నుంచి వచ్చినందుకు ఆ రోజు రాహేలుకు అన్నం సయించలేదు.

ఆగస్టులో కోటేశ్వరరావు హైదరాబాదు నుంచి ఒక కంపెనీ నిపుణుణ్ణి పిలిపించాడు. ఆయన పేరు సీతారామాంజనేయులు. ఆ పేరు కార్డులోకి ఎక్కిస్తే సగం మెమరీ అదే తింటుందని ఆఫీసులో నవ్వుకున్నారు. ఆయన తెనాలి కంప్యూటరు ముందు రెండు గంటలు కూర్చున్నాడు. బాపట్ల వెళ్ళలేదు, రేపల్లె వెళ్ళలేదు. కాఫీ తాగి తీర్పు చెప్పాడు.

"ప్రోగ్రాం తీసుకున్న చోటును తిరిగి ఇవ్వట్లేదు సార్. అనుభవం లేనివాళ్ళ రాత ఇలాగే ఉంటుంది. ఇది తీసేసి మా కంపెనీది పెట్టుకోండి. మూడు ఊళ్ళలో మూడు కాపీలు అనవసరం. అంతా తెనాలిలోనే ఉంటుంది, మిగతావాళ్ళు కావాలంటే ఫోన్ చేసి అడుగుతారు."

నెలాఖరు సోమవారం డైరెక్టర్ల సమావేశం. ఆ లోపల రాహేలు జబ్బు కనిపెట్టి బాగుచేస్తే సరే, లేకపోతే ఆమె ప్రోగ్రాం తీసేసి కంపెనీది పెట్టడమేనని కోటేశ్వరరావు తేల్చేశాడు. ఉద్యోగం ఉంటుంది, భయపడొద్దని కూడా అన్నాడు. ఉద్యోగం సంగతి రాహేలు ఆలోచించనే లేదు. తెనాలికి ఏదైనా అయితే, మళ్ళీ ముద్దయిపోయిన కాగితాల ముందు నిలబడాల్సిందేగా! మూడు ఊళ్ళు ఒకదానికొకటి కాపలా కాయాలన్నదే ఆమె రాసినదాని ప్రాణం. దాన్ని తీసేసి, ఉద్యోగం ఉంటుందిలే అంటాడేంటి ఈయన?

అప్పటికే మూడు వారాలుగా ప్రోగ్రామంతా అచ్చేసుకుని, ఎర్ర పెన్ను పట్టుకుని వరసవరసా చదువుతోంది. చోటు తీసుకున్న ప్రతిచోటా తిరిగి ఇచ్చిందా లేదా? ఇచ్చింది. తానే కూర్చుని వంద కార్డులు తెరిచి, రాసి, మూసి చూసింది. ఎంత తీసుకుందో అంతా తిరిగొచ్చింది. తాను వండింది తానే రుచి చూసుకుంటే ఉప్పు ఎప్పుడూ సరిపోతుందని ఆ పిల్లకు తట్టలేదు.

ఇక అచ్చు కాగితాలు పక్కనబెట్టి, జూలై మొదటి నుంచి మూడు ఊళ్ళలోనూ రోజుకు నాలుగుసార్లు రాయించి పెట్టిన మెమరీ లెక్కలు ముందేసుకుంది. ఆ అంకెలను గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి కలిపింది. గీత మెల్లగా ఎక్కింది, శిఖరానికి చేరింది, మెల్లగా దిగింది, మళ్ళీ ఎక్కుతోంది. రాహేలు దాన్ని నిలువుగా చూసింది, అడ్డంగా చూసింది. తీసుకున్నది తిరిగివ్వని ప్రోగ్రామైతే గీత ఎక్కడమే గాని దిగడం ఉండదు. ఇది దిగుతోంది. అంటే ఎవరో తిరిగిస్తున్నారు. రెండు వారాలు ఆలస్యంగా!

గురువారం సాయంత్రం బాపట్ల బండి కోసం తెనాలి స్టేషనుకు వచ్చింది. బయట పోలమ్మ ఖాళీ గంప బోర్లించుకుని కూర్చుంది. రేపల్లె వైపు నుంచి రోజూ బండిలో చేపలు తెచ్చి తెనాలిలో అమ్ముకునే మనిషి.

"చందువా ఉందా పోలమ్మత్తా? అమ్మ తెమ్మంది."

"ఇప్పుడు చందువా ఎక్కడదే అమ్మాయ్? చీకటి రోజులు. బోట్లన్నీ సముద్రం లోపలే ఉన్నాయి."

"చీకటి రోజులైతే?"

"బాగుంది నీ చదువు! వెన్నెట్లో వల చేపకి కనపడదూ? చీకట్లోనే గదా వేట. అమాస ముందు పోతారు, వెన్నెల ముదిరేటప్పటికి తిరిగొస్తారు. ఇంకో వారం ఆగు, గంప నింపేస్తాను."

రాహేలు అక్కడే, దిగేవాళ్ళకూ ఎక్కేవాళ్ళకూ అడ్డంగా నిలబడి, సంచీలోంచి గ్రాఫు కాగితం తీసింది. శిఖరం దగ్గర తారీకు జూలై ఇరవై ఏడు. "పోలమ్మత్తా, పోయిన అమావాస్య ఎప్పుడు?"

"నెల తిరగబోతోంది. ఎల్లుండి శనివారం మళ్ళీ అమాస. ఏం, నీకెందుకు? మీరు అమాసలూ అవీ చూడరుగా!"

రాహేలు చూసింది. బోట్లు లోపలికి పోతే గీత ఎక్కింది. తిరిగొస్తే దిగింది. ఇన్నాళ్ళూ లేని చోట వెతికింది. జబ్బు తన రాతలో లేదు! ఆ క్షణాన కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. బండి ఎక్కి బాపట్ల చేరేదాకా కిటికీ పక్కన కూర్చుని తనలో తాను నవ్వుకుంటూనే ఉంది.

బాపట్ల వైపు చిన్న పడవలు పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తాయి. రోజుల తరబడి లోపల ఉండేవి నిజాంపట్నం బోట్లు. వాటి కార్డులు రేపల్లె ఆఫీసులో అంజమ్మ చూస్తుంది. శుక్రవారం పొద్దున్నే రాహేలు రేపల్లె పాసింజరు ఎక్కింది. దారిలో జంపని స్టేషను దాటేదాకా అంజమ్మను ఏమేం అనాలో మాటలు పేర్చుకుంటూనే ఉంది.

అంజమ్మకు నలభై దాటాయి. పడవలవాళ్ళ ఇంట్లో పుట్టి, పదో తరగతి పాసై, టైపు నేర్చుకుని ఆ కుర్చీలో కూర్చున్న మనిషి. వేళ్ళు నెమ్మదిగా ఆడతాయి గాని, కార్డులో ఒక్క అక్షరం తప్పు పడదు. రాహేలు కూర్చోకుండానే అడిగింది.

"అంజమ్మక్కా, మనిషి వేటకెళ్ళేటప్పుడు కార్డు తెరుస్తావు. తారీకు వేస్తావు. ఆ తర్వాత?"

"తర్వాత ఏముందమ్మా? వచ్చేదాకా చూత్తాను. వచ్చాక, వచ్చిన తారీకేసి మూసేత్తాను."

"ఈలోపల?"

"ఈలోపల తెరిచే ఉంటది."

రాహేలు నుదురు కొట్టుకుంది. "ఎందుకక్కా? తారీకు వేయగానే మూసేయమని రాసిచ్చాను కదా! మళ్ళీ వచ్చినప్పుడు తెరవొచ్చు కదా!"

అంజమ్మ ఆ పిల్ల వైపు, తెలియక అంటోంది పాపం అన్నట్టు చూసింది.

"నీళ్ళలోకి పోయిన మనిషి పేరు ఎట్టా మూత్తామమ్మా? మా ఇళ్ళల్లో మగాళ్ళు వేటకి పోతే, తిరిగొచ్చేదాకా తలుపు గడే పెట్టం. ఆళ్ళు తినే కంచం బోర్లించం. మా అమ్మ అట్టాగే చేసింది, నేనూ అట్టాగే చేత్తాను. నువ్వు మూయమన్నావు, నిజమే. నా చెయ్యి రాలేదు."

పేర్చుకుని తెచ్చుకున్న మాటలన్నీ రాహేలు పక్కనబెట్టింది. అక్కడున్న ముక్కాలి పీట లాక్కుని కూర్చుంది. ఒక మనిషి ఒకేసారి ఎన్ని కార్డులు తెరుస్తాడు? ఒకటి, మహా అయితే రెండు. అంతకు మించి తెరుస్తారని అనుకోనేలేదు కాబట్టి, తెరిచి ఉన్నవెన్నో లెక్కపెట్టే ఏర్పాటు కూడా ప్రోగ్రాంలో పెట్టలేదు. పైగా కరెంటు పోయినా సగంలో ఉన్న కార్డు పోకూడదని, కంప్యూటరు మళ్ళీ మొదలైనప్పుడు అంతకుముందు తెరిచి ఉన్నవన్నీ తిరిగి తెరిచేలా రాసింది. ఆ తెలివికి మూడేళ్ళుగా మురిసిపోతోంది. ఆపి మొదలుపెట్టినా బల్ల నిండిపోతున్నది ఆ తెలివి వల్లనే. మొదట్లో సభ్యులు తక్కువ కాబట్టి చెల్లింది. ఈ వేసవిలో ఏడు ఊళ్ళవాళ్ళు కొత్తగా చేరారు.

అప్పటికప్పుడు కూర్చుని తెరిచి ఉన్న కార్డులు లెక్కపెట్టింది. రెండొందల పద్నాలుగు. ఆఫీసు గోడకు రేవు నుంచి వచ్చిన పట్టీ తగిలించి ఉంది. దాని ప్రకారం సముద్రంలో ఉన్నది నూట అరవై మంది.

"ఆ పట్టీ మూడు రోజుల కిందటిది" అంది అంజమ్మ. "నాది ఈ పొద్దుటిది. బోటు కదిలితే ఎవరో ఒకరు నాకు చెప్పే పోతారు. వచ్చినా ముందు నాకే చెప్తారు. నేను కార్డు మూసేదాకా ఆళ్ళ ఆడోళ్ళు ఈ గడపలోంచి కదలరు."

రాహేలు తెర మీది పేర్లను ఒకటొకటిగా రేవు పట్టీతో పోల్చి చూసింది. సముద్రంలో ఎవరున్నారో చెప్పడానికే గదా మూడు ఊళ్ళలో మూడు కంప్యూటర్లు పెట్టింది! ఆ పని తాను రాసిన పద్ధతి చేయలేదు. తన మాట వినని ఈ అంజమ్మ చేస్తోంది. ఆ మాట ఒప్పుకోవడానికి రాహేలుకు కొంత కష్టమే అయింది. ఒప్పుకున్నాక మాత్రం కుదుటపడింది.

"అక్కా, నువ్వు ఒక్కటి కూడా మూయొద్దు. మార్చుకోవాల్సింది నేను" అంది.

శనివారం, ఆదివారం కూర్చుని మార్చింది. తెరిచిన కార్డు తెరిచినట్టే లెక్క, కానీ మూడేళ్ళ చరిత్రతో సహా కార్డంతా బల్ల మీద పరచనక్కర్లేదు. పేరు, నంబరు ఉన్న చిన్న చీటీ బల్ల మీద ఉంచి, కార్డును బీరువాలో పెట్టేయొచ్చు. ఒక కార్డు పట్టే చోటులో రెండొందల చీటీలు పట్టాయి. ఆదివారం ఆరాధనకు కూడా వెళ్ళలేదు. దేవదానం గారు తప్పు పట్టలేదు, లెక్క సగంలో వదిలి లేవడం ఆయనకూ చేతకాదు. మధ్యాహ్నం బాపట్ల కంప్యూటరు మీద నడిపి చూసింది. సోమవారం పొద్దున తెనాలి స్టేషనులో, మార్చిన ప్రోగ్రాం ఎక్కించిన ఫ్లాపీని రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి పోలమ్మకు ఇచ్చింది. పోలమ్మ దాన్ని తడి గంపలో పెట్టకుండా జాకెట్లో దోపుకుని, మధ్యాహ్నానికల్లా రేపల్లెలో అంజమ్మ చేతిలో పెట్టింది.

మూడింటికి తెనాలి ఆఫీసులో సమావేశం మొదలైంది. కార్డులు మూయకపోవడం వల్లే ఇదంతా అని రాహేలు ముందే కోటేశ్వరరావుకు చెప్పింది, ఆయన సీతారామాంజనేయులుకు చెప్పాడు. ఆ పెద్దమనిషి దాన్ని తన మాటగా మార్చుకుని వచ్చాడు.

"ఆపరేటరు తప్పు సార్. ఇలాంటివాళ్ళ చేతిలో మూడు చోట్ల పెడితే ఇంతే. చూడండి, తెరిచి ఉన్నవన్నీ ఒక్క దెబ్బకు మూసేసి చూపిస్తాను. బల్ల ఎంత ఖాళీ అవుతుందో మీరే చూద్దురు గాని." కంప్యూటరు ముందుకు జరిగాడు.

"ఆగండి" అన్న మాట రాహేలుది కాదు. డైరెక్టర్లలో నిజాంపట్నం సింగయ్య అని, అరవై దాటిన బోటు మనిషి, కిటికీ వైపు ముఖం పెట్టి కూర్చుని ఉన్నాడు. ఏ సమావేశంలోనూ నోరు విప్పి ఎరగడు. "అందులో మా అబ్బాయి ముత్యాలరావు కార్డుందా అమ్మా?"

"ఉందండి. తెరిచే ఉంది."

"ఆరు రోజుల్లో వత్తానని పోయాడు. ఇయ్యాల్టికి తొమ్మిది. ఆడి పేరు మూయబాకండి."

"అది ఉత్త కార్డండీ, మనిషి కాదు కదా" అన్నాడు సీతారామాంజనేయులు, నవ్వుతూ. ఆ నవ్వుకు ఎవరూ తోడు రాలేదు. డైరెక్టర్లలో సగం మంది పడవలవాళ్ళే.

రాహేలు లేచి నిలబడింది. "అంజమ్మక్క తప్పేం లేదండి. తప్పు నాది. మనుషులు ఎలా వాడతారో చూడకుండా రాశాను. ఇప్పుడు చూసి మార్చాను. ఏ కార్డూ మూయకుండానే బల్ల ఖాళీ చేస్తాను, నాకు పది నిమిషాలివ్వండి." తన తప్పును అంత మంది ముందు ఒప్పుకుంటే తల వంగుతుందనుకుంది. వంగలేదు.

పది నిమిషాలు కూడా పట్టలేదు. కొత్త ప్రోగ్రాం నడిచింది. నిండుకుండలా ఉన్న మెమరీలో సగానికి పైగా ఖాళీ అయింది. శుక్రవారం నుంచి బోట్లేవీ రాలేదు, పోలేదు కాబట్టి తెర మీద తెరిచి ఉన్న కార్డుల లెక్క అదే రెండొందల పద్నాలుగు, చెక్కుచెదరలేదు. కోటేశ్వరరావు కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివాడు. ఆ కిందే పేర్ల వరస. సింగయ్య వచ్చి తెర పక్కన నిలబడ్డాడు. ఇంగ్లీషు అక్షరాలు ఆయనకు రావు. రాహేలు వేలు పెట్టి చూపించింది. "ఇదిగోండి, ముత్యాలరావు. వేటలో ఉన్నట్టు." ఆయన ఆ పేరు మీద నుంచి చూపు తిప్పలేదు.

మూడున్నరకు కంప్యూటరు తనంతట తానే రేపల్లెకు ఫోను కలిపింది. ఫోను పెట్టె కీచుకీచుమంది. అక్కడ రాసింది ఇక్కడికి వచ్చింది. రెండొందల పద్నాలుగు కాస్తా రెండొందల ఆరయింది.

"ఏదమ్మా?" సింగయ్య తెర మీదికి వంగాడు. "ఇక్కడ చూపించావుగా మా వాణ్ణి? ఏడి? మూసేశారా?"

"నేను మూయలేదండి. రేపల్లెలో అంజమ్మక్క మూసింది." అంటూ అంటూ ఉండగానే ఆ మాటకు అర్థమేమిటో రాహేలుకు తెలిసొచ్చింది. చప్పున ముత్యాలరావు కార్డు తీసింది. తిరిగొచ్చిన తారీకు దగ్గర ఆ రోజు తారీకు ఉంది.

"ఒక్క నిమిషం ఉండండి, ఫోను చేసి కనుక్కుందాం" అన్నాడు కోటేశ్వరరావు, రిసీవరు అందుకుంటూ.

"ఎందుకండీ ఫోను?" సింగయ్య అప్పటికే తువ్వాలుతో ముఖం తుడుచుకుని, చెప్పుల కోసం చూసుకుంటున్నాడు. "అంజమ్మ మూసిందంటే మావోడు ఒడ్డు మీద ఉన్నట్టే. ఆడి బోటులో ఎనిమిది మందీ ఉన్నట్టే. నేను రేపల్లె బండికి పోవాల. నా మాట రాసుకోండి, ఈ అమ్మాయి రాసింది ఉంటది. మూడు ఊళ్ళలోనూ ఉంటది."

మిగతావాళ్ళు చేతులెత్తారు. సీతారామాంజనేయులు సంచీ సర్దుకున్నాడు. గుమ్మం దగ్గర సింగయ్య ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగి, రాహేలుకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. తండ్రి వయసున్న మనిషి పెట్టిన దణ్ణానికి ఏం చేయాలో ఆ గడసరి పిల్లకు తెలియలేదు. తనూ చేతులెత్తింది. ఛాతీ నిండా గర్వం పొంగుకొచ్చి, "అంజమ్మక్కకు చెబుతానండి" అని మాత్రం అనగలిగింది.